తెల్లపట్టులో మిగిలిన సోడా

ధర్మవరం,
ఫిబ్రవరి ఏడు

చిరంజీవి నాగలక్ష్మికి నాయన దీవించి రాసేది.

సెల్లు ఉండగా ఉత్తరం ఎందుకని నవ్వుతావు. మీ అమ్మ సెల్లు పట్టుకుంటే స్పీకరు పెట్టనిదే మాట్లాడదు. మన ఇంటి మాట వీధంతా విన్నాక నీ చెవిన పడుతుంది. నాకది సరిపడదు. నా రాత వంకర, ఓపికగా చదువుకో.

నీ బడిలో ఏడో తరగతి పిల్లలు ఉప్పులు తయారు చేసే పాఠం చదువుతున్నారని, మా బానల్లో సోడా నీళ్ళు, పులుపు నీళ్ళు కావాలని అడిగావు. పెనుకొండ బస్సు కండక్టరు చేతికి సీసాలిచ్చాను. బానలో వేయని సోడా పొట్లం, ఆసిడ్ సీసా కూడా విడిగా పెట్టాను. పిల్లల చేతులకు తగలనీయకు. సోడా నీళ్ళు తగిలితే వేళ్ళు జారతాయి. జారుతున్నాయంటే చర్మాన్ని తింటున్నాయని అర్థం.

మీ పాఠంలో ఏం రాశారో నాకు తెలియదు. మా పని నేను చెబుతాను. పురుగు తన పట్టుకు జిగురు పూసుకుంటుంది. అది పోవాలంటే సోడా, సబ్బు వేసి ఉడకబెట్టాలి. జిగురు పోయాక సోడా పోవాలి. ఎంత జాడించినా అది పోగులో దాక్కుంటుంది. అందుకని పులుపు నీళ్ళలో ముంచుతాం. రంగుపట్టయితే రంగుబానలో మళ్ళీ పులుపు పడుతుంది. తెల్లపట్టుకు ఈ ఒక్క ముంచుడే దిక్కు. సరిపోయిందా లేదా అన్నది నాలుక చెబుతుంది. పిండిన చిలప, అదే పట్టు కట్ట, కొస నాలుకకు తగిలించుకుంటే, సోడా మిగిలినది సబ్బు నాకినట్టుంటుంది. పులుపు ఎక్కువైతే పళ్ళు జివ్వుమంటాయి. ఏ రుచీ లేక చప్పగా ఉంటే సరి. మా నాయన అట్లే చూశాడు. నేనూ అట్లే చూస్తున్నాను. ధర్మవరంలో తెల్లపట్టు కావాలంటే నారాయణప్ప బాన దగ్గరికే రావాలి.

సీసాల పక్కన పిడికెడు తెల్లపట్టు పెట్టాను. దసరాకు వేణుకిచ్చిన మాలులో మిగిలింది. వేణు నీకు తెలుసు, పక్కసందులో చీరల కొట్టు సుధాకర్ మగ్గం మీద నేస్తాడు, సాయిసుధ మొగుడు. ఆ పట్టుతో వాడు నేసిన తలంబ్రాల చీర హిందూపురం పెళ్ళిలో పీటల మీదే మడతల దగ్గర చినిగిందట. పెళ్ళికూతురు శాలువా కప్పుకుని కూర్చుందట. పెళ్ళివాళ్ళు చీర తెచ్చి సుధాకర్ కొట్లో విసిరికొట్టి పోయారు. వేణు చెయ్యి బరువు, పడుగు లాగి కడతాడు, ఇంకేముంది. నా పట్టు ఎట్లుంటుందో నీ పిల్లలకు చూపించు.

మీ నాయన
నారాయణప్ప


పెనుకొండ,
ఫిబ్రవరి ఇరవై ఎనిమిది

నాయనకు నాగలక్ష్మి నమస్కరించి రాసేది.

నువ్వు పంపినవి భద్రంగా అందాయి. బాన నీళ్ళు రెండూ కలిపి మరిగిస్తే జిగురు, సబ్బు అడ్డుపడి గోధుమరంగు ముద్ద మిగిలింది. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. తరవాత నీ సోడాని మంచినీళ్ళలో కరిగించి, ఆసిడ్ కొంచెం కొంచెంగా పోయించాను. బుసబుసమని పొంగింది. పొంగు ఆగేదాకా పోసి, సగానికి సగం ఇంకేలా మరిగించి, కిటికీలో పెట్టాం. మర్నాటికి గిన్నె అడుగున పటికబెల్లం పలుకుల్లాంటివి. "మేడమ్, రెండూ కాల్చేటివే, కలిస్తే రెండూ సచ్చినాయా?" అని అడిగింది ఒక పిల్ల. చావలేదు, ఒకదాని పొగరు ఒకటి అణచుకుని ఉప్పు అయ్యాయి అన్నాను. సరిగ్గా సమానంగా కలిస్తేనే అలా అవుతుంది, ఏది ఎక్కువైనా అది మిగిలిపోతుంది అని కూడా చెప్పాను.

నీ పట్టును పిల్లలు పట్టుకుని చూశారు. మెరుపు బాగుంది.

ఇంకొక మాట. వినాయక చవితప్పుడు నీకు వచ్చిన జ్వరం తరవాత నోటికి రుచి తెలుస్తోందా? అమ్మ కూరలో ఉప్పు వెయ్యడం మానేసిందని రోజూ కసురుతున్నావట. అమ్మ ఎప్పటిలాగే వేస్తున్నానంటోంది. ఆస్పత్రిలో చూపించుకుంటే మంచిది. ఈ కవరులో లిట్మస్ కాగితాలు పెట్టాను. తడి పట్టుకు ఎర్ర కాగితం తగిలించి చూడు, నీలంగా మారితే సోడా ఉన్నట్టు. నీ నాలుకకు తోడుగా ఉంచుకో.

వేణు సంగతి ఏమైంది?

నీ కూతురు
నాగలక్ష్మి


ధర్మవరం,
మార్చి ఇరవై రెండు

చిరంజీవి నాగలక్ష్మికి.

నీ కాగితాలు వచ్చాయి. దేవుడి పటాల వెనక పెట్టాను. నా నాలుకకు తోడు అక్కర్లేదు.

వేణు సంగతి అడిగావు. నీ ఉత్తరం వచ్చిన రెండు మూడు రోజులకు సుధాకర్ ఆ చీర పట్టుకుని మన అరుగెక్కాడు. వెనకాలే వేణు. చుట్టూ వీధిలో మగ్గాలాపి వచ్చిన జనం.

"ఏం నారాయణప్పా, ఇది నీ పట్టేనా?" అన్నాడు సుధాకర్.

చీర చేతిలోకి తీసుకున్నాను. మడత మీద గోరు ఆనిస్తే పోగులు ఎండు పీచులాగా విడిపోయాయి.

వేణు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మామా, నువ్విచ్చిందే నేసినా. ఒక్క పోగు మార్చలే. నువ్వన్నా చెప్పు మామా."

నేను చెప్పాను. "నా పట్టు చినగదు. చినిగిందంటే అది నా పట్టు కాదు."

ఇంతే అన్నాను. వాడు దొంగ అని నేను అనలేదు. ఆ మాట అన్నది సుధాకర్. "ఇనింటివా వేణూ? మంచి పట్టు యాడ అమ్ముకున్నావురా? నాసిరకం పట్టు యాడ తెచ్చి నేసినావు?" అన్నాడు. వాడు సుధాకర్ వైపు చూడలేదు, నా వైపే చూశాడు. మగ్గం సుధాకర్‌ది కాబట్టి మర్నాడే ఇంకొకరికి ఇచ్చేశాడు. ఊళ్ళో ఇంకెవరూ వాడికి పట్టు ఇవ్వలేదు. ఉగాదికి ముందే మొగుడూ పెళ్ళామూ ఊరు విడిచిపోయారు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. సాయిసుధ పోతూ పోతూ కరివేపాకు కుండీ తెచ్చి మీ అమ్మకిచ్చి, నీళ్ళు పొయ్యమని చెప్పి పోయింది. మీ అమ్మ దాన్ని నేను ముఖం కడుక్కునే చోటే పెట్టింది. తియ్యమంటే తియ్యదు.

మీ అమ్మ వంట నాకు బాగానే ఉంది. ఇంక ఆ సంగతి అడగొద్దు.

నారాయణప్ప


పెనుకొండ,
ఏప్రిల్ తొమ్మిది

నాయనకు,

నిన్న బస్టాండులో వేణును చూశాను. ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ ఉంది కదా, దానికి సామాను మోసే ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాడట. వదులు చొక్కా, మెడలో కార్డు. నేను తల తిప్పుకుని పోదామనుకున్నాను. వాడే పలకరించాడు.

"అక్కా, బాగుండావా? పిల్లోళ్ళు బాగుండారా?"

"బాగున్నారు. నువ్వెట్లుండావు వేణూ?"

"ఉండా అక్కా. కూచునే పనికి అలవాటుపడిన నడుము, పెట్టెలెత్తితే ఒప్పుకోదు. ఒప్పించుకుంటాండా." నవ్వాడు. బస్సు వచ్చింది. ఎక్కబోతూ వెనక్కి తిరిగి అడిగాడు. "అక్కా, మీ నాయనకు నా మీద కోపం పోయిందా?"

నేను ఏం చెప్పానో నాకు గుర్తులేదు. బస్సు పోయింది.

నాయనా, నీ దగ్గర ఒక సంగతి దాచాను. నువ్వు పట్టు పంపిన వారంలోనే, పిల్లలు వెళ్ళిపోయాక, అందులో కొంచెం తీసి శుద్ధమైన నీళ్ళలో వేడి చేశాను. ఆ నీళ్ళలో మేము బడిలో వాడే మందు ఒక చుక్క వేశాను. సోడా లాంటి క్షారం ఉంటేనే ఆ మందు రంగు మారుతుంది, లేకపోతే నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి. గులాబీ రంగు వచ్చింది. గిన్నెలో ఏదైనా అంటుకుందేమోనని ఇంకో గిన్నెలో చేశాను. మళ్ళీ గులాబీ. సోడా ఆ పట్టులోనే ఉంది. నెలల తరబడి మడతలో కూర్చుని, గాలిలో చెమ్మ తగిలినప్పుడల్లా పోగును కొరికింది. వేణు చెయ్యి బరువు కాదు. వాడు పట్టు మార్చలేదు.

ఇది నాకు తెలిసి కూడా "మెరుపు బాగుంది" అని రాశాను. నీ మనసు నొచ్చుకుంటుందని, మెల్లగా చెప్పొచ్చని. కాగితాలు పంపితే నీకే తెలుస్తుందిలే అనుకున్నాను. సుధాకర్ అరుగెక్కింది ఆ ఉత్తరం తరవాత. నేను ఉన్నది ఉన్నట్టు రాసి ఉంటే నువ్వు ఆ మాట అని ఉండేవాడివి కాదు.

నాగలక్ష్మి


ధర్మవరం,
ఏప్రిల్ పదిహేడు

నాగలక్ష్మికి,

నీ ఉత్తరం చదివి చింపేశాను. నాకు బాన పని నేర్పేంతదానివి అయ్యావా అని మీ అమ్మ మీద అరిచాను. నువ్వు దొరకవు కదా, ఆమె దొరుకుతుంది. తరవాత ముక్కలు ఏరుకున్నాను.

నువ్వు ఉన్నది రాసి ఉంటే నేను ఆ మాట అనేవాణ్ణి కాదని రాశావు. అది తప్పు. నాకు తెలుసు.

రుచి తెలుస్తోందా అని అడిగావు చూడు, ఆ ఉత్తరం అందిన రోజు మీ అమ్మ గుడికి పోయాక చింతపండు ఉండ నోట్లో వేసుకున్నాను. మట్టి నమిలినట్టుంది. వేలితో సోడా తీసి నాలుక మీద రాసుకున్నాను. మంట తెలిసింది గానీ రుచి లేదు. ఉప్పు తిన్నాను. పచ్చి మిరపకాయ కొరికితే కళ్ళలో నీళ్ళు వచ్చాయి, రుచి మాత్రం రాలేదు. మీ అమ్మ ఉప్పు వేస్తూనే ఉంది. చవితి జ్వరం నుంచీ నాకు అన్నీ చప్పనే. చప్పగా ఉంటే సరి అనేది కదా మా లెక్క. అంటే చెడిపోయిన చిలప కూడా నాకు సరిగ్గానే తగిలింది. దసరాకు వేణుకిచ్చిన మాలు అంతా నా చచ్చిన నాలుక సరే అన్న మాలు.

ఇది తెలిసిన రెండు మూడు రోజులకే సుధాకర్ వచ్చాడు. జనం ముందు వేణు "నువ్వన్నా చెప్పు మామా" అన్నప్పుడు ఆ చింతపండు సంగతి నాకు గుర్తుంది. గుర్తుండే అన్నాను ఆ మాట. ఎందుకన్నావని అడగొద్దు. ఈ వీధిలో నా పట్టు మీద ఎవడూ వేలెత్తి చూపింది లేదు. నోరు దానంతటదే జారింది. అన్నాక వెనక్కి తీసుకోవడం నాకు చేతకాలేదు.

అప్పటినుంచి బాన కింద మంట పెట్టలేదు. మోకాలి నొప్పి అని చెప్పాను అందరికీ. వచ్చిన మాలు తిప్పి పంపుతున్నాను. నొప్పి లేదు.

నారాయణప్ప


పెనుకొండ,
ఏప్రిల్ ఇరవై ఒకటి

నాయనకు,

నిన్ను తప్పుపట్టే అర్హత నాకు లేదు. కానీ వేణు మగ్గం వేణుకు రావాలి. నాకొక దారి తోచింది. ఆ దసరాకు వచ్చిన సోడా మంచిది కాదని, అంగడివాళ్ళు ఏదో కల్తీ మూట ఇచ్చారని, ఈ మధ్యే నాకు బడిలో తేలిందని నేను వచ్చి సుధాకర్‌తో చెబుతాను. కెమిస్ట్రీ టీచర్ని కాబట్టి నమ్ముతాడు. వేణు మీద మచ్చ పోతుంది. నీ పేరూ నిలుస్తుంది. ఈ వయసులో నువ్వు నలుగురిలో తల వంచుకోవడం నేను చూడలేను. ఊ అను చాలు, ఆదివారం వస్తాను.

నాగలక్ష్మి


ధర్మవరం,
మే రెండు

నాగలక్ష్మికి,

నువ్వు రావొద్దు. సోడా మంచిదే. కల్తీ అని చెబితే దాన్ని అమ్మినవాడు ఇంకో వేణు అవుతాడు.

సుధాకర్ కొట్టుకు పోయాను. చీరలు చూసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు ఉండగానే చెప్పాను. "ఆ చీర సినిగింది నా పట్టుతోనే. నా నాలుక సచ్చిపాయ. వేణు ఏం మార్చలే."

సుధాకర్ లేచి వచ్చి నా భుజం పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. "ఊరుకో నారాయణప్పా. అయిందేదో అయిపాయ. నీ తెల్లపట్టు అని చెప్పుకునే కదా నేను చీరలు అమ్మేది? నీ పేరు పోతే నా కొట్టు పేరూ పోతాది. వాడు యాడో బతుకుతాండాడు కదా."

"దొంగ అనిపించుకుని బతుకుతాండాడు."

"పోనీ, సోడా బాగలేదని చెప్పుకుందాం. ఎవురికీ నష్టం లేదు."

"నా కూతురు కూడా ఇదే చెప్పింది," అన్నాను. "సదువుకున్నోళ్ళందరికీ ఒకే బుద్ధి పుడతాదేమో."

అక్కడి నుంచి వచ్చి మన అరుగు మీద నిలబడి వీధిలోవాళ్ళను పిలిచాను. ఏ చోట అన్నానో ఆ చోటే చెప్పాను. ఎదురింటి హనుమంతమ్మ ముందుకొచ్చింది. "ఏమబ్బా నారాయణప్పా, కూరలో ఉప్పు లేదని ఓబులమ్మను ఆర్నెల్లు తిట్టిన నోరు ఇదే కదా?" అంది. జనం నవ్వారు. మీ అమ్మ వాకిట్లోనే ఉంది. ఆమె నవ్వలేదు. ఆమెకు కూడా అప్పుడే తెలిసింది.

మర్నాడు పెనుకొండ బస్సెక్కాను. వేణు గది కనుక్కోవడానికి సగం పొద్దు పట్టింది. రేకుల గది. వాడు పనికి బయలుదేరుతున్నాడు. నన్ను చూసి కుర్చీ వేశాడు. కూర్చోలేదు. ఊళ్ళో చెప్పిందంతా చెప్పాను, వీధంతా విన్నాక సుధాకర్ మగ్గం తిరిగి ఇస్తానని రాత్రే కబురు పంపాడని చెప్పాను. వాడి ముఖం విప్పారింది. "పోనీలే మామా, నీకు మాత్రం ఏం తెలుసు, జ్వరం చేసిన పని," అన్నాడు.

సాయిసుధ గుమ్మంలో నిలబడి అడిగింది. "పెద్దాయనా, ఆ దినం ఆ మాట తెలీక అన్నావా, తెలిసి అన్నావా?"

వేణు అందించిన ఆ మాట పట్టుకుని తెలియక అన్నానని చెప్పి వచ్చేయొచ్చు. ఎవరికీ తెలియదు, నీకు తప్ప. నువ్వు చెప్పవు.

"తెలిసే అన్నా," అన్నాను.

ఆమె లోపలికి పోయింది. వేణు చాలాసేపు చెప్పులు వేసుకుంటూనే ఉన్నాడు. "ఆ ఒక్క మాట ఎందుకు చెప్పినావు మామా," అన్నాడు చివరికి. "తెలీక అన్నావులే అనుకునే ఇన్ని దినాలు నిలబడింటి. షిఫ్టుకు టైమాయ, పోతాండా." పోయాడు.

నీ ఇల్లు ఆ పక్కవీధే. రాలేదు. వస్తే నువ్వు కాఫీ ఇస్తావు, నాయనా బాధపడొద్దంటావు, నేను తేలికపడి బస్సెక్కుతాను. అది వద్దనుకున్నాను.

నా మాట నేను చెప్పాను. నీ సంగతి వాళ్ళకు చెప్పలేదు, అది నాది కాదు. నువ్వే పో. ఉత్తరం రాయడం కాదు. ఉత్తరంలో ఎవరి ముఖమూ కనబడదు. పోయి నిలబడి చెప్పు.

నారాయణప్ప


పెనుకొండ,
మే పన్నెండు

నాయనకు,

పోయాను. గుమ్మం దగ్గరికి పోయి రెండుసార్లు వెనక్కి వచ్చాను, మూడోసారి సాయిసుధే తలుపు తీసింది.

ఫిబ్రవరిలోనే నాకు తెలుసని, నాయన కోసం ఊరుకున్నానని చెప్పాను. సాయిసుధ వింటూ బియ్యం ఏరుతోంది. చేట దించలేదు. "అంటే మీ ఇంట్లో అందరికీ తెలుసు. మాకొక్కరికే తెలీదు," అంది.

వేణు వేరే మాట అడిగాడు. "ఆ రంగు నాకు ఒకసారి చూపిస్తావా అక్కా?"

మర్నాడు మిగిలిన పట్టు, గిన్నె, మందు తీసుకుపోయాను. వాళ్ళ స్టవ్ మీదే వేడి చేశాను. చుక్క వెయ్యగానే నీళ్ళు గులాబీ రంగుకు తిరిగాయి. వేణు గిన్నె మీదికి వంగి చాలాసేపు చూశాడు. "నా చెయ్యే బరువేమో అనుకుంటాంటి అక్కా," అన్నాడు. "రాత్రుల్లు దుప్పటి మీద చెయ్యి పెట్టి చూసుకుంటాంటి, ఎంత ఒత్తుతాండానో అని." సాయిసుధ అప్పుడు ఏడ్చింది. నన్ను కూర్చోమని మాత్రం అనలేదు.

నాగలక్ష్మి


ధర్మవరం,
జూన్ ఇరవై

చిరంజీవి నాగలక్ష్మికి,

వేణు వచ్చాడు. సుధాకర్ ఇస్తానన్న మగ్గం తీసుకోలేదు. అత్తగారి ఊరి నుంచి పాత మగ్గం తెచ్చుకుని పక్కసందులోనే వేసుకున్నాడు. పట్టు ఉడకబెట్టించుకోవడం మాత్రం వీధి చివర గోవిందు దగ్గర. గోవిందు నీ కాగితాలలాంటివి తెప్పించుకున్నాడట, నాలుక వాడడట. మంచిదే.

గోవిందు ఇంటికి పోవాలంటే మన వాకిలి ముందు నుంచే పోవాలి. వేణు పొద్దున్నే ఉడికిన చిలపలు భుజాన వేసుకుని తిరిగొస్తాడు. తెల్లపట్టు. నీళ్ళు కారుతుంటాయి. నన్ను పలకరించడు. పలకరించాలని నేను అడగను. మొదటిరోజు అరుగు మీద కూర్చున్న నన్ను చూసి మీ అమ్మ, "లోపలికి రారాదా, ఆడ కూచుని ఏం చేస్తావు?" అంది.

నేను లేవలేదు. వాడు వచ్చే వేళకు రోజూ కూర్చుంటున్నాను. వాడు సందు తిరిగేదాకా చూసి, అప్పుడు లోపలికి పోతున్నాను.

నాయన